కోడిపెట్ట పడవకి పెద్ద హారను

ఆల్డర్ హార్బర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు వంతెన లేపుతూ దించుతూ గడిపిన ఆర్విడ్ సోర్మునెన్, రిటైరైన మర్నాడే వెళ్ళి ఒక కోళ్ళ గూడు కొన్నాడు.

అది నిజానికి పద్దెనిమిది అడుగుల అల్యూమినియం పడవ. నా ఈడుదే, నాకన్నా ఎక్కువ దెబ్బలు తింది. ఊరికి ఉత్తరాన చెర్రీ తోటలో కొట్టం వెనకాల పడుంటే, తొమ్మిది కోళ్ళు అందులో కాపురం పెట్టాయి. తోటాయన పడవకి బదులుగా కోళ్ళకి కొత్త గూడు కట్టివ్వమన్నాడు. ఆర్విడూ నేనూ రెండు రోజులు కూర్చుని కట్టాం. ఎనిమిది కోళ్ళు అందులోకి మారాయి. తొమ్మిదోది మారనంది. ట్రైలరు మీద పడవతో పాటు ఊళ్ళోకి వచ్చేసింది, ముందు కొమ్ము మీద నిలబడి, ఓట్లు అడగడానికి వచ్చిన మనిషిలా అటూ ఇటూ చూస్తూ. దాంతో పడవ పేరు గురించి మేం ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఊరే పెట్టేసింది, కోడిపెట్ట అని.

నా గురించి రెండు ముక్కలు చాలు. పడవలు బాగుచేస్తాను. కాలేజీకి ఒకే ఒక్క సెమిస్టరు వెళ్ళాను. సాల్మన్ చేపలు నదిలోకి ఎక్కే వారంలో పరీక్షలు పెట్టారు కనక, పరీక్షలు వదిలేసి వచ్చేశాను. అప్పట్నుంచి ఊరంతా నన్ను ప్రొఫెసరనే పిలుస్తారు. మిషిగన్ సరస్సుకి ఈ ఒడ్డున నా అంత బాగా తీగెలు కలిపేవాడు లేడని ఆ రోజుల్లో నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ మాట గుర్తుంచుకోండి.

ఆర్విడ్ సంగతి చెప్తాను. సన్నగా, పొడుగ్గా, దీపస్తంభానికి టోపీ పెట్టినట్టుంటాడు. ఊళ్ళో నది మీద వంతెన, వంతెన పక్కన ఎత్తు మీద గాజు గది. ఆ గదిలో ఆయన. పడవ ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత కూస్తే, గేట్లు వేసి, కార్లు ఆపి, వంతెన లేపేవాడు. పడవ నిదానంగా దాటుతుంటే మైకులో అరిచేవాడు: "త్వరగా దాటండి, కార్లు ఆగి ఉన్నాయి!" ఊళ్ళో పిల్లలు ఆయన్ని అనుకరించేటప్పుడు ఆ ఒక్క వాక్యమే అనేవాళ్ళు. నిజానికి ఆయన రోజంతా మాట్లాడేది కూడా అంతే.

సాల్మన్లు పడే నెలలు రెండే. జులై చివర మొదలై సెప్టెంబరుతో సరి. సరిగ్గా ఆ నెలల్లోనే పడవలన్నీ పొద్దున్నే బయల్దేరతాయి. ఆర్విడ్‌కి సెలవు దొరకదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరి చేపలూ ఆయన కాళ్ళ కింద నుంచే వెళ్ళాయి. సొంత పడవలో కూర్చుని ఆయన పట్టిన సాల్మన్లు ఎన్నంటే, సున్నా.

మా ఊళ్ళో ఆగస్టు ఆఖరు శనివారం పెద్ద చేప పోటీ జరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండు లోపు, వంతెన కింది నీళ్ళు సరస్సులో కలిసే కాలవ నోట్లో ఉన్న రేవుకి చేపని తెచ్చి తూయించాలి. గెలిచిన పడవ తర్వాత వంతెన వైపు వస్తుంది. ఆ పూట మాత్రం పడవ ఎంత చిన్నదైనా, తెడ్డు పడవైనా సరే, వంతెన దాని కోసం లేస్తుంది. రెండు వైపులా కార్లు ఆగుతాయి, జనం దిగి చప్పట్లు కొడతారు. అలా ముప్పై ఒక్కసార్లు వంతెన లేపాడు ఆర్విడ్. అందులో నాలుగుసార్లు సొంత బావమరిది రెయినో కోసం.

అందుకే "ముందు ఏం బిగిద్దాం పెద్దాయనా?" అని నేనడిగితే, ఆయన జవాబు ఒక్కటే మాట.

"హారను."

"మోటారు లేదు, అది తగిలించే వెనక పలక కుళ్ళిపోయింది, కూర్చోడానికి బల్ల లేదు. హారనా?"

"హారనే."

ముక్కల కింద అమ్మేసిన పాత సరుకుల ఓడది సంపాదించాడు ఎక్కడ్నుంచో. నా చెయ్యంత పొడుగు ఇత్తడి గొట్టం. ఆ పడవ మీద అది, పిల్లికి ఏనుగు తొండం అతికించినట్టుంది. బిగించి, తీగెలు లాగి, మీటకి కలిపాను. ఆర్విడ్ వెంటనే దాని మీద గుడ్డ కప్పి తాడుతో కట్టేశాడు.

"ఒకసారి కూయించి చూద్దాం పెద్దాయనా."

"వంతెన అడగడానికి పెట్టిన హారను అది. అడిగే హక్కు వచ్చినప్పుడు కూస్తుంది."

దాంతో ఈ ముసలాయన ఎందుకు పడవ కొన్నాడో నాకు అర్థమైంది. ఒళ్ళు జలదరించింది. ఏప్రిల్ చలి వల్లే అని చెప్పాను.

ఆ మూడు నెలలు మా షెడ్డులో పండగే అనుకోండి. కుళ్ళిన వెనక పలక పీకితే చెక్కకి బదులు గుడ్లు దొరికాయి, నాలుగు. కొత్త పలక కోసి, రంగు వేసి బిగించాం. పెద్ద మోటారు ఒకటి, దాని పక్కన చిన్నది ఒకటి. చేపలున్న చోటికి పరిగెత్తడానికి పెద్దది, అక్కడికి చేరాక మనిషి నడిచినంత మెల్లగా ఎరలు లాక్కెళ్ళడానికి చిన్నది. చిన్నదాన్ని కూడా తట్టుకోలేనంత తేలిక పడవ మాది. ఊరికే పరుగులు పెడుతుంటే రెండు బకెట్లకి తాళ్ళు కట్టి వెనక నీళ్ళలో వేలాడదీశాం. అప్పుడు దారికొచ్చింది.

ఇక గుండు చక్రాలు. సాల్మన్ చల్లటి నీళ్ళ మనిషి. వేసవిలో అడుక్కి పోతుంది. ఎర అంత లోతుకి దిగాలంటే, ఇనుప తీగెకి బరువైన సీసపు గుండు కట్టి, చక్రం తిప్పుతూ దించాలి. గాలపు దారాన్ని ఆ గుండుకి చిన్న క్లిప్పుతో తగిలిస్తే, చేప లాగగానే ఊడి వస్తుంది. చేత్తో తిప్పే పాతవి రెండు దొరికాయి. గుండ్లు మాత్రం ఆర్విడే పోశాడు, పాత కారు చక్రాలకి బరువు సరిచెయ్యడానికి బిగించే సీసం ముక్కలు కరిగించి, భార్య హిల్యా సూప్ గరిటెలు రెండు అచ్చుగా పెట్టి.

హిల్యా గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమయ్యా, అది నా పెళ్ళినాటి గరిటె."

"కడిగి ఇస్తాలే."

"కడుగు. నీకూ ఈ ప్రొఫెసర్‌కీ రేపట్నుంచి అందులోనే పోస్తాను సూపు."

పోసింది కూడా. నేను తాగినట్టు నటించాను.

జులై మూడో వారానికి కోడిపెట్ట సిద్ధం. గాలాలు నిలబెట్టడానికి పైపు ముక్కలు, చేపల్ని చూపించే చిన్న తెర, రేడియో, నీళ్ళు తోడే పంపు, హాకీ కర్రకి బిగించిన చేతివల, పెట్టె నిండా రంగురంగుల రేకు ఎరలు. తీగెలన్నీ నా చేతి మీదే నడిచాయి. "ఈ తీగెలు చూసి రాకెట్లు చేసేవాళ్ళు వచ్చి నేర్చుకోవాలి" అన్నాను. ఆర్విడ్ నమ్మాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

మొదటి శనివారం ఒక్క చేప పడలేదు. రెండో శనివారం అంతే. మా కుడి పక్క పడవలో మూడు, ఎడం పక్క పడవలో ఐదు, మధ్యలో మేం ఇద్దరం కాఫీ తాగుతూ. తెర మీద చేపలు కనిపిస్తాయి, గుండు దాకా వస్తాయి, ఏదో వాసన కొట్టినట్టు వెనక్కి తిరిగిపోతాయి. రేడియోలో రెయినో గొంతు. ముప్పై మూడడుగుల పడవ వాడిది, డబ్బిచ్చినవాళ్ళని చేపల వేటకి తీసుకెళ్తాడు, బావని ఆటపట్టించడం మాత్రం ఉచితంగా చేస్తాడు.

"కొక్కొక్కో! కోడిపెట్టా, కోడిపెట్టా, వినబడుతోందా? బావా, గుడ్డు పెట్టారా ఇంకా లేదా?"

"పనిచూసుకోరా బామ్మర్దీ."

"పనే బావా. మావాళ్ళు పదకొండో చేప లాగుతున్నారు. మీకు సాయంత్రం ఒక తోక పంపించనా, హిల్యాకి చూపించుకోడానికి?"

మూడో శనివారం నేను మధ్యాహ్నపు భోజనం డబ్బా మూత తీసి, పామును చూసినట్టు వెనక్కి గెంతాను. హిల్యా చేసిన అరటిపండు రొట్టె! పడవలో అరటిపండు ఉంటే ఆ రోజు చేప పడదని మా ఒడ్డున చంటిపిల్లల నుంచి పాస్టరు దాకా అందరూ నమ్ముతారు. మూడు వారాలుగా ఆ రొట్టె మాతో ప్రయాణం చేస్తోంది.

"దొరికింది దొంగ!" అని అరిచి మొత్తం సరస్సులోకి విసిరేశాను. ఆర్విడ్ నోట్లో ఉన్న ముక్క కూడా ఉమ్మించాను. ఆ సాయంత్రం నాకన్నా ముందే వార్త హిల్యాకి చేరింది. మా ఊళ్ళో వార్తలకి మోటారు అక్కర్లేదు.

మర్నాడు ఆమె రేవుకి వచ్చింది, చేతులు నడుం మీద పెట్టుకుని.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గాజు గదిలో కూర్చుని తిన్నావు కదయ్యా నా రొట్టె. ఒక్కసారైనా వంతెన ఇరుక్కుందా?"

ఆర్విడ్ అప్పటికే కట్టిన తాడుకి ఇంకో ముడి వేశాడు.

"రొట్టె పారేశాక చేప పడిందా మరి?"

"లేదు," అన్నాను నేను.

"నా రొట్టెని పరీక్ష చేశారు. సరే. ఈ బడుద్ధాయి కలిపిన తీగెల్ని ఎవరైనా పరీక్ష చేశారా?"

నేను గట్టిగా నవ్వాను. ఆర్విడ్ నవ్వలేదు. ఇంటికెళ్ళి, వంతెన మోటార్లకి వాడిన పాత మీటరు పట్టుకొచ్చాడు. గుండు నీళ్ళలోకి దించి, ఒక కొస బ్యాటరీకి, ఒక కొస ఆ గుండు తీగెకి తాకించాడు. మీటరు ముల్లు ఉండాల్సిన చోట ఆగకుండా, తరుముతున్నట్టు పైకి ఎగిరింది.

పడవ ఒంట్లో కరెంటు కారుతోంది. మనిషికి తెలియదు అది, చీమ కుట్టినంత కూడా ఉండదు. సాల్మన్‌కి తెలుస్తుంది. గుండు తీగెలోంచి నీళ్ళలోకి దిగే ఆ కాస్త కరెంటు ఎక్కువైతే ఎర దగ్గరికి రమ్మన్నా రాదని మా ఒడ్డున పాత కెప్టెన్లందరూ చెబుతారు. నేనూ అందరికీ చెబుతూనే ఉంటాను.

ఒక్కొక్క తీగే ఊడదీస్తూ వెళ్ళాడు. పంపుది కాదు. దీపాలవి కాదు. తెరది కాదు. ఆఖరుకి హారను తీగె ఊడదీయగానే ముల్లు చల్లగా కిందికి దిగింది. పడవ అంచు కింద నేను వంచి తిప్పిన చోట తొడుగు ఒరిసిపోయి, రాగి నేరుగా అల్యూమినియానికి తగులుతోంది.

చేపని పట్టి గెలిచాక కూయాల్సిన హారను, ఇన్నాళ్ళూ ఆ చేపనే తరిమికొడుతోందన్నమాట.

నాకు భూమిలో దూరిపోవాలనిపించింది. ఆర్విడ్ ఒక్క మాటన్నాడు. "రాకెట్లవాళ్ళు నేర్చుకోడానికి ఎప్పుడొస్తారు ప్రొఫెసరూ?"

హిల్యా మాత్రం ఆ మాటతో సరిపెట్టలేదు. వారం పాటు నాకు పొద్దున్నా సాయంత్రం అరటిపండు రొట్టే, ఆమె కళ్ళ ముందే తినాలి.

హారను తీగె కొస చుట్టి పక్కన పెట్టేశాం. కొత్తది నేను తెప్పిస్తానన్నాను, అప్పటిదాకా అలాగే ఉండనీ అన్నాడు ఆర్విడ్. ఆ సాయంత్రమే వెళ్తే రెండు గంటల్లో రెండు చేపలు! చిన్నవే, ఒక్కోటి ఎనిమిది పౌన్లు. అయినా మొదటి చేప పడవలో పడి తోక కొడుతుంటే ఆర్విడ్ దాన్ని వల్లోంచి తీయకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. "ఇంత చప్పుడు చేస్తుందా," అన్నాడు. పైనుంచి చూసేవాడికి చప్పుడు వినబడదు కదా.

పోటీ ముందు మూడు రోజులు ఉత్తరపు గాలి ఆగకుండా కొట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఆర్విడ్ నన్ను వంటింట్లోకి పిలిచి బల్ల మీద పదకొండు నోటు పుస్తకాలు పేర్చాడు.

"ఏంటివి?"

"వంతెన గదిలో రాసుకున్నవి."

మా ఊరి కెప్టెన్లు చేపలు ఎక్కడ పడ్డాయో సొంత పెళ్ళానికి కూడా చెప్పరు. రేడియోలో ఉత్తరం అన్నారంటే దక్షిణం చూసుకోవాలి. కానీ వంతెన దాటేటప్పుడు పైన గాజు గదిలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతి వాళ్ళు మర్చిపోయారు. ఏ ఎర ఇంకా తడిగా ఉందో, ఏ పడవ ఎన్ని గంటలకి తిరిగొచ్చిందో, ఎవడి డబ్బాలో ఎన్ని తోకలో, ఆ రోజు గాలేమిటో, ముప్పై ఒక్క ఏళ్ళది అంతా అక్కడ ఉంది, పెన్సిలుతో, పొట్టి పొట్టి అక్షరాల్లో. నేను ఒకటి తీసి పేజీలు తిప్పాను.

"చూడు. ఆగస్టు ఆఖర్లో మూడు రోజులు ఉత్తరపు గాలి వచ్చింది ఏడుసార్లు. ఏడుసార్లూ పెద్ద పడవలు ఖాళీగా వచ్చాయి. చిన్న పడవలు నిండుగా వచ్చాయి, తొందరగా వచ్చాయి."

"అంటే?"

"గాలి పైనున్న వెచ్చటి నీళ్ళని లోపలికి నెట్టేస్తుంది. అడుగునున్న చల్లటి నీళ్ళు ఒడ్డుకి ఎక్కుతాయి. వాటితో చేపలూ వస్తాయి. రేపు మనం ఎక్కడికీ పోవక్కర్లేదు. కాలవ నోటి దగ్గరి రాతి కట్ట పక్కనే."

శనివారం తెల్లవారేసరికి గాలి పడిపోయింది. డెబ్బై పడవలు తేనెటీగల్లా రొద చేసుకుంటూ పడమటికి పరిగెత్తాయి. కోడిపెట్ట రాతి కట్ట దాటి, పిల్లలు ఈతకొట్టే ఇసుక ఒడ్డుకి ఎదురుగా ఆగింది. ఎంత దగ్గరగా అంటే, ఒడ్డున ఎవరో కాల్చుకుంటున్న సాసేజీల వాసన మా ముక్కుకి తగులుతోంది.

రేడియో మోగింది. "బావా! ఎనిమిది మైళ్ళ దూరం నుంచి కనిపిస్తున్నారు. ఈతకొట్టేవాళ్ళని పట్టి తూయిస్తారా ఏంటి?"

ఆర్విడ్ రేడియో గొంతు తగ్గించాడు. పుస్తకంలో చూసి, నున్నటి ఆకుపచ్చ రేకు ఎర తీసి కట్టాడు. గుండు నలభై అడుగులకి దించాడు. ఎనిమిది గంటలు. తొమ్మిది. రెండు చిన్నవి పడ్డాయి, వదిలేశాం. పది. నా కాళ్ళు ఊరుకోవడం లేదు. పదింపావు.

క్లిప్పు ఊడింది.

వంగి ఉన్న గాలం ఒక్కసారి నిటారుగా లేచి, మళ్ళీ నీళ్ళని ముద్దుపెట్టుకునేలా వంగింది. గిలక కేక పెట్టింది. దారం పోతోంది, పోతోంది, రెండు వందల గజాలు పోయినా ఆగదే!

"పట్టుకోండి పెద్దాయనా! పట్టుకోండి!"

"పట్టుకునే ఉన్నా! నువ్వు రెండో గుండు ఎత్తు! బకెట్లు లాగు! ఒరేయ్, కాలు తియ్, దారం మీద నీ కాలు!"

చేప నేరుగా కట్ట రాళ్ళ వైపు లాగింది. రాళ్ళలో దూరితే దారం తెగినట్టే. చిన్న మోటారు తిప్పి అడ్డంగా వెళ్ళాను. కట్ట మీద నడిచేవాళ్ళు ఆగిపోయారు, కేకలు, ఈలలు. చేప ఒకసారి గాల్లోకి లేచింది. నేను చూశాను. అది పడ్డ చోట సరస్సుకి గుంట పడి, నీళ్ళు దాన్ని పూడ్చడానికి కాసేపు పట్టింది. ఎనిమిది మైళ్ళ దూరంలో రెయినో కాఫీ ఒలికిందని తర్వాత తెలిసింది, ఎందుకొలికిందో వాడు చెప్పడు.

గంటా పది నిమిషాలు. ఆర్విడ్ మొహం ఐదేళ్ళ పిల్లాడిది. పక్కకి తెచ్చాడు. వల వేశాను. తల దూరింది, తోక దూరలేదు. హాకీ కర్ర వంగుతోంది. వల వదిలేసి రెండు చేతులా తోక పట్టుకుని వెనక్కి పడ్డాను, చేప నా ఛాతీ మీద పడింది, ఆర్విడ్ మా ఇద్దరి మీదా పడ్డాడు. కోడిపెట్ట అంచు దాకా ఒరిగి, ఆలోచించుకుని, మళ్ళీ నిలబడింది.

పెద్ద మోటారు మొదటి లాగుకి అంటుకోలేదు. రెండోదానికీ అంటుకోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు లాగానో తెలియదు. రేవు చేరేసరికి పన్నెండుకి పన్నెండు నిమిషాలు.

తూకం వేసేది పాస్టరు. చేప బరువు విషయంలో అబద్ధమాడని మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. పలక మీద అప్పటికే రెయినో పేరు, ఇరవై ఎనిమిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు. ఎనిమిది మైళ్ళ అవతల ఖాళీగా తిరిగినా, వచ్చేటప్పుడు దార్లో ఒక్కటి కొట్టాడు దొంగ. వాడు పలక పక్కనే నిలబడి సిగరెట్టు వెలిగించబోతున్నాడు.

పాస్టరు ముల్లు చూశాడు. కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇరవై తొమ్మిది పౌన్ల... ఆరు ఔన్సులు."

రెయినో సిగరెట్టు నోట్లోంచి జారింది. జనం మా మీద పడిపోయారు. హిల్యా ఎక్కడ్నుంచి వచ్చిందో, మొగుణ్ణి వదిలేసి ముందు చేప మూతి పట్టుకుని చూసింది. "నిజమే," అంది. రెయినో బావ భుజం మీద ఒక్క దెబ్బ వేశాడు, పడవ ఇంకాస్త చిన్నదైతే మునిగేదే. "వెళ్ళండి బావా. ఎవరి కోసం చూస్తున్నారు? వెళ్ళి అడగండి."

కాలవలోకి తిరిగాం. ఎదురుగా వంతెన. రోడ్డు మీద గేట్లు అప్పటికే పడ్డాయి, జనం కమ్మీల మీద వంగి ఉన్నారు. వంతెన కదలదు. రేడియోలో నోరీన్ గొంతు వచ్చింది. ఆర్విడ్ తర్వాత ఆ గదిలో కూర్చున్న అమ్మాయి, మూడేళ్ళు ఆయన దగ్గరే పని నేర్చుకుంది.

"కోడిపెట్టా, సంకేతం ఇవ్వాలి."

"నోరీనూ, కనబడుతున్నాం కదమ్మా!" అని నేను అరిచాను.

"సంకేతం లేకుండా లేపకూడదు ప్రొఫెసర్ గారూ. పక్కన కూర్చున్నాయన్నే అడగండి, నేర్పింది ఆయనే."

ఆర్విడ్ గుడ్డ విప్పాడు. ఇత్తడి ఎండలో మెరిసింది. మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. నా వైపు చూశాడు. తీగె! కొత్త తీగె తెప్పిస్తానని నేనే అన్నాను, తెప్పించలేదు!

ఆ చూపుకి నేను బ్యాటరీ పెట్టె మీదకి దూకాను. చుట్టి పెట్టిన తీగె విప్పి, పడవ ఒంటికి తగలకుండా తల మీదుగా గాల్లో ఎత్తి పట్టుకుని, పళ్ళతో తొడుగు ఒలిచి, రాగి కొసని బ్యాటరీకి తాకించాను. నిప్పురవ్వలు లేచాయి.

"నొక్కండి!"

దేవుడా, ఆ కూత! అది పడవ గొంతు కాదు, ఓడ గొంతు. కమ్మీల మీది పావురాలన్నీ లేచిపోయాయి, చెర్రీ తోటలో ఎనిమిది కోళ్ళూ బదులు పలికాయని తోటాయన ఇప్పటికీ అంటాడు. ఒక పొడుగు కూత. నేను తీగె తీసి, మళ్ళీ తాకించాను. ఒక పొట్టి కూత.

గంట మోగింది. వంతెన మధ్యలో చీలి, రెండు రెక్కలూ మెల్లగా ఆకాశంలోకి లేచాయి. జనం హోరు. నేను కేకలు వేస్తూ ఆర్విడ్ వైపు తిరిగాను.

ఆయన టోపీ తీసి, మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని లేపినవాడు. లేస్తుంటే ఎప్పుడూ గాజు గదిలో, మీటల ముందే ఉన్నాడు. కింద నీళ్ళలోంచి అది లేవడం ఆయన చూడ్డం అదే మొదటిసారి.

"ఇంత పెద్దదా ఇది," అన్నాడు మెల్లగా. మరు క్షణంలోనే, "ఎడమ చక్రానికి గ్రీజు తక్కువైంది, విన్నావా ఆ కిర్రు?" అన్నాడు.

అని, చెయ్యి చాపి చిన్న మోటారుని ఇంకాస్త తగ్గించాడు. కోడిపెట్ట నీళ్ళ మీద దాదాపు ఆగిపోయింది. లేచిన రెక్కల నీడ మా మీదుగా అంగుళం అంగుళం జరుగుతోంది. పైన మైకు గరగరమంది.

"త్వరగా దాటండి, కార్లు ఆగి ఉన్నాయి!"

ఆర్విడ్ పైకే చూస్తూ రేడియో అందుకున్నాడు.

"ఆగనీ," అన్నాడు.